‘ఉత్తమ విద్యార్థి’ని ఎన్నుకోకండి, పిల్లలు చేసిన పనులు రాసిపెట్టండి

ఒక ప్రధానోపాధ్యాయిని (హెచ్‌ఎం) అడిగింది క్లుప్తంగా: జిల్లా పరిషత్ హైస్కూలు. 6 నుంచి 10వ తరగతి దాకా 240 మంది పిల్లలు, హెచ్‌ఎం మేడంతో కలిపి 11 మంది టీచర్లు. ఊరి పూర్వ విద్యార్థి ఒకరు ఏటా 25,000 రూపాయలు ఇస్తానన్నారు. మార్కులకు కాకుండా శీలం, సృజన, నాయకత్వం చూసి ముగ్గురు ‘ఉత్తమ విద్యార్థుల’ను ఎంచి ఆగస్టు 15న జెండా దగ్గర బహుమతులివ్వాలని ఆయన కోరిక. కిందటేడు స్టాఫ్‌రూంలో చేతులెత్తి ఎంచితే ముగ్గురూ క్లాస్ ఫస్టులే తేలారు, ఊళ్లో మాటలు పడ్డాయి. ఈసారి ఎలా ఎంచాలి, ఏమివ్వాలి?

మేడం, ముందు తేదీ మార్చండి. బడి జూన్ 12న తెరుచుకుంటుంది. ఆగస్టు 15కి పట్టుమని రెండు నెలలు. ఆరులో కొత్తగా చేరిన పిల్లల పేర్లే అప్పటికి సరిగా నోటికి రావు, ఇక నడత ఏం తెలుస్తుంది? కిందటేడు పదిలో ఉన్నవాళ్లు అప్పటికే బడి దాటి వెళ్లిపోయి ఉంటారు. కాబట్టి జనవరి 26 పెట్టుకోండి. ఆరు నెలల పైన చూసి ఉంటారు, పదో తరగతి పిల్లలు బడిలోనే ఉంటారు, ఫిబ్రవరి నుంచి వాళ్లను కమ్మేసే పరీక్షల హడావుడి ఇంకా మొదలుకాదు. ఒక్క మెలిక ఉంది. జనవరి 26కి ముందు సంక్రాంతి సెలవులు వస్తాయి. సెలవులయ్యాక చూద్దామంటే ప్రింటింగ్ ప్రెస్సువాడు దొరకడు, పేర్లలో తప్పులు దిద్దే టైముండదు. డిసెంబరు ఆఖరుకల్లా జాబితా ఖాయం చేసి, సెలవులకు ముందే పత్రాలు ప్రెస్సుకు పంపేయాలి.

చేతులెత్తే పద్ధతిలో మీ స్టాఫ్ తప్పేమీ లేదు. ‘మంచి పిల్లలెవరు?’ అని అడిగితే ఎవరికైనా ముందు గుర్తొచ్చేది ముందు బెంచీ, చెప్పగానే లేచి జవాబు చెప్పేవాళ్లు, నోటుబుక్కులు మోసుకొచ్చేవాళ్లు. పత్తి తీతల రోజుల్లో పది రోజులు రాని పిల్ల గుర్తుకు రాదు. హాస్టల్ నుంచి వచ్చి ఒక మూల కూర్చుని వెళ్లే పిల్లవాడు గుర్తుకు రాడు. ఒకదాంట్లో బాగా ఉంటే అన్నిట్లోనూ బాగుంటారని అనుకోవడం మనిషి స్వభావం. మార్కుల వెలుగే నడత మీదా పడుతుంది. జ్ఞాపకాన్ని నమ్ముకున్నంత కాలం ఫలితం ఇదే. కాగితాన్ని నమ్ముకోండి.

ఇక మాట గురించి. ‘శీలం’ అన్న మాట పత్రం మీద వేయకండి. ఆడపిల్ల పేరు పక్కన ఆ మాట పడితే ఊళ్లో దానికి వేరే అర్థం లాగుతారు, ఇవ్వనివాళ్ల గురించి మరో అర్థం లాగుతారు. ‘సత్ప్రవర్తన’ అంటే జైలు నుంచి ముందుగా వదిలినట్టుంటుంది. ‘నడత’ చాలు. టీసీలో అందరికీ ‘కాండక్ట్: గుడ్’ అని రాసిచ్చే మామూలు కాగితానికీ దీనికీ తేడా కనపడాలి కూడా.

ఆ మూడు మాటల కిందా ఏం వస్తుందో ఏం రాదో జూన్‌లోనే స్టాఫ్ మీటింగులో తేల్చుకోండి. నడత అంటే చెప్పిన మాట వినడం కాదు. తనకు నష్టమొచ్చినా నిజం చెప్పడం, ఒకరు ఇబ్బందిలో ఉంటే కదలడం, ఒప్పుకున్న పని ఎవరూ చూడకపోయినా పూర్తి చేయడం, తప్పు చేశాక దాన్ని సరిదిద్దడం. హాజరును ఇందులో కలపకండి. పిల్లలు బడికి రాకపోవడం చాలాసార్లు వాళ్ల చేతిలో ఉండదు. అమ్మకు జ్వరమొస్తే చిన్నవాడిని ఎత్తుకుని ఇంట్లో ఉండేది ఏడో తరగతి పిల్లే. ఆమె అక్కడ చూపిస్తున్నది నడత కాకపోతే మరేమిటి?

సృజన అంటే బొమ్మలపోటీ ఒక్కటే కాదు. ఫోనులో చూసి దించిన బొమ్మకంటే, లెక్కల సారు చెప్పని దారిలో లెక్క తేల్చినవాడిది సృజన. బజారులో 300 పెట్టి కొన్న థర్మాకోలు అగ్నిపర్వతం ఏటా సైన్సు ఫెయిర్‌లో పేలుతూనే ఉంటుంది, దాన్ని లెక్కలోకి తీసుకోకండి. సొంతదో కాదో తేల్చడానికి మూడు ప్రశ్నలు చాలు: ఎక్కడ ఆగిపోయావు? అప్పుడేం మార్చావు? మళ్లీ చేస్తే ఏది వేరుగా చేస్తావు? సొంతంగా చేసిన పిల్లకు మొదటి ప్రశ్నకే కళ్లు మెరుస్తాయి, పది నిమిషాలు చెబుతుంది. కొని తెచ్చినవాడు ‘ఎక్కడా ఆగలేదు సార్’ అంటాడు.

నాయకత్వం దగ్గరే బడులు ఎక్కువగా పొరబడతాయి. బోర్డు మీద మాట్లాడినవాళ్ల పేర్లు రాసే మానిటర్ నాయకుడు కాడు, కాపలాదారు. చేతిలో బెత్తం కూడా ఉంటే ఇంకా ప్రమాదం. విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ శారీరక శిక్షనూ మానసిక వేధింపునూ నిషేధించింది. టీచరు కొట్టకుండా మానిటర్‌తో కొట్టిస్తే చట్టం ఊరుకోదు. నాయకత్వాన్ని పదవిని బట్టి కాకుండా పనిని బట్టి చూడాలంటే, అందరికీ పని దొరకాలి. నీళ్ల ట్యాంకు, లైబ్రరీ అలమారా, భోజనం లైను, ల్యాబు, ఆటసామాను, మొక్కలు – ఇలా పది పన్నెండు పనులు రాసి, ఒక్కో పనికి ఇద్దరు చొప్పున నాలుగు వారాలకు అప్పగించండి. నాలుగో వారం చివర తర్వాత వచ్చేవాళ్లకు అర పేజీ ‘అప్పగింత కాగితం’ రాసివ్వాలి: ఏం ఉంది, ఏం పాడైంది, ఎవరిని అడగాలి. ఆ కాగితాలు దాచండి. ఎవరు బాధ్యత మోశారో, ఎవరు బ్యాడ్జీ పెట్టుకుని తిరిగారో అవే చెబుతాయి. ఇంకో పరీక్ష: ఆ పిల్ల రెండు రోజులు రాకపోతే పని ఆగిందా, నడిచిందా? ఆగితే ఆమె బాగా పని చేసింది. నడిస్తే బాగా నడిపించింది. రెండూ గుర్తించదగ్గవే, కానీ నాయకత్వం కింద రాయాల్సింది రెండోది.

ఇప్పుడు అసలు పనిముట్టు. ఒక్కో సెక్షనుకు 200 పేజీల లాంగ్ నోటుబుక్కు ఒకటి. జూన్‌లోనే ఒక్కో పిల్లకు ఎదురెదురుగా రెండు పేజీలు, పైన పేరు, అడ్మిషన్ నంబరు రాసేయండి. పేర్లు ముందే రాయడం ముఖ్యం. ఒకే పుస్తకంలో తేదీల వరసన రాసుకుంటూ పోతే ఎవరి గురించి ఏమీ రాయలేదో తెలియదు. పేజీ కేటాయించి ఉంటే ఖాళీ కళ్ల ముందు కనిపిస్తుంది.

ప్రతి శనివారం ఆఖరి పీరియడ్‌లో పది నిమిషాలు, ఒక్కో టీచరు ఏ క్లాసు పుస్తకంలోనైనా మూడు నమోదులు రాయాలి. పదకొండు మంది, మూడేసి చొప్పున వారానికి 33. సెలవులు పోను డిసెంబరు దాకా 24 శనివారాలు దొరికినా 792 నమోదులవుతాయి. పిల్లకు సగటున మూడు పైనే. పది నిమిషాల పనికి ఇది తక్కువేమీ కాదు. రాసేది కూడా రెండు మూడు వాక్యాలే: తేదీ, చోటు, ఏం చేసింది, ఎవరు చూశారు, పొట్టి సంతకం.

మొదట్లో అందరూ రాసేది ఇలా ఉంటుంది:

‘చాలా మంచి అమ్మాయి. టీచర్లంటే గౌరవం. చురుకైనది.’

ఇది డిసెంబరులో దేనికీ పనికిరాదు. ఏ పిల్ల పేజీలో అతికించినా అతుకుతుంది. కావలసింది ఇలాంటిది:

‘ఆగస్టు 12, భోజనం లైను. ఆరో తరగతి బాబు ప్లేటు జారి గుడ్డుతో సహా కింద పడింది. చుట్టూ నవ్వారు. ఈమె తన ప్లేటు వాడి చేతిలో పెట్టి, మళ్లీ లైను చివరికి వెళ్లి నిలబడింది. ఆమె వంతు వచ్చేసరికి గుడ్లు అయిపోయాయి. వంట చేసే అక్క చూసి చెప్పింది.’

‘మంచి’ అన్న మాట ఎక్కడా లేదు. అవసరం రాలేదు. ఇంకో సంగతి గమనించండి, చెప్పింది వంట చేసే అక్క. భోజనాల దగ్గర, నల్లా దగ్గర, గేటు దగ్గర టీచర్లు ఉండరు. పిల్లల అసలు రంగు బయటపడేది అక్కడే. వంటవాళ్లను, ఆయాను, వాచ్‌మన్‌ను వారానికోసారి ‘ఏమైనా చూశారా?’ అని అడగండి. వాళ్లు చెప్పింది వాళ్ల పేరుతోనే నమోదు చేయండి.

నెలాఖరున క్లాస్ టీచరు ఖాళీ పేజీలు లెక్కపెట్టాలి. మొదటి నెలలో సగం పైన ఖాళీగా ఉంటాయి, కంగారు పడొద్దు. ఆ పేర్లను టీచర్లకు ఐదారు చొప్పున పంచండి. వచ్చే రెండు వారాలు ఆ పిల్లలను ప్రత్యేకంగా గమనించాలి. వాళ్లకు పని అప్పగించడం కూడా గమనించడంలో భాగమే. ఏమీ చేయనివ్వకుండా ఏమీ చేయలేదంటే ఎలా? ఈ ఒక్క పని చేస్తే మీ ఊళ్లో పడ్డ మాటల్లో సగం ఆగిపోతాయి.

సెప్టెంబరులో ఈ పుస్తకాలు ఆగిపోతాయి. ఇది జోస్యం కాదు, ఎఫ్‌ఏ పరీక్షల మార్కులు, యాప్‌లో ఎంట్రీలు, పదో తరగతి స్పెషల్ క్లాసులు అన్నీ అప్పుడే మీద పడతాయి. ఆగకుండా చేసేది ఒక్కటే: శనివారం సాయంత్రం హెచ్‌ఎం పుస్తకాలు తెప్పించుకుని చదివి, ఒకటి రెండు నమోదుల కింద ఎర్ర ఇంకుతో ఒక మాట రాయడం. ఎవరూ చదవని రిజిస్టరు ఎవరూ రాయరు. స్టాఫ్‌కు ఇంకో లాభం కూడా చెప్పండి. నిరంతర సమగ్ర మూల్యాంకనం (సీసీఈ)లో విలువల విద్య-జీవన నైపుణ్యాలు, కళా సాంస్కృతిక విద్య, పని-కంప్యూటర్ విద్య, వ్యాయామ ఆరోగ్య విద్య అని గ్రేడ్లు ఎలాగూ వేయాలి. అవి ఆఖరి రోజున వరసగా ‘ఏ’లు వేసుకుంటూ పోవడం అందరికీ తెలిసిందే. ఈ పుస్తకం దగ్గరుంటే ఆ గ్రేడుకు ఆధారం ఉంటుంది. జాతీయ విద్యావిధానం చెప్పే సమగ్ర ప్రగతి పత్రానికీ ఇదే ముడిసరుకు.

పిల్లల ఓటు పెట్టమంటారా అని అడగబోతారు. వద్దు. ఓటంటే బలగం. ఏ వాడ పిల్లలు ఎక్కువుంటే ఆ వాడ పిల్లే గెలుస్తుంది, ‘నువ్వు నాకు, నేను నీకు’ అనే ఒప్పందాలు జరుగుతాయి. దాని బదులు ఏడాదికి రెండుసార్లు, దసరా ముందు ఒకసారి, డిసెంబరు మొదట్లో ఒకసారి, చీటీలు ఇవ్వండి. ‘ఎవరు ఉత్తమం?’ అని కాదు. ‘ఈ మధ్య నీకు సాయం చేసిందెవరు? ఏం చేశారు?’ అని. రెండో ప్రశ్నకు జవాబు లేని చీటీ పక్కన పెట్టేయాలి. మిగతావాటిని ఓట్లలా లెక్కపెట్టకూడదు. అవి ఆచూకీ మాత్రమే, విచారించి నిజమైతే పుస్తకంలోకి ఎక్కుతాయి. చీటీల డబ్బా పెట్టగానే అందులో మీరు అడగనివి కూడా పడతాయని సిద్ధపడి ఉండండి. ఎవరు కొడుతున్నారో, ఎవరు చెయ్యి వేస్తున్నారో రాస్తారు. డబ్బా ఎప్పుడూ ఇద్దరు కలిసి తెరవాలి, ఒకరు మహిళా టీచరై ఉండాలి. లైంగిక వేధింపు సంగతి ఉంటే పోక్సో చట్టం కింద పోలీసులకు తెలపడం మీ విధి. స్టాఫ్‌రూంలో సర్దిచెప్పే వీలు లేదు. మిగతా సాయానికి పిల్లల హెల్ప్‌లైన్ 1098 ఉంది.

జనవరి దాకా ఎవరినీ గుర్తించకుండా ఉండమని కాదు. సోమవారం ప్రార్థనలో రెండు నిమిషాలు, పోయిన వారం నమోదుల్లోంచి రెండు చదవండి. చప్పట్లు చాలు, వస్తువు వద్దు. చదివే ముందు ఆ పిల్లను ఒక్కమాట అడగాలి. అందరిలో పొగిడితే తర్వాత వారం రోజులు ఏడిపిస్తారని భయపడే పిల్లలుంటారు, ముఖ్యంగా ఎనిమిది, తొమ్మిది తరగతుల మగపిల్లలు. వాళ్లకు వరండాలో పక్కకు పిలిచి చెబితే చాలు.

ఇక్కడ చాలా బడుల్లో జరిగే పొరపాటు ఒకటుంది. ‘చెప్పుల్లేని తోటి విద్యార్థికి చెప్పులిచ్చిన ఫలానా విద్యార్థి’ అని మైకులో చదువుతారు. ఆ చెప్పులు వేసుకున్న పిల్లవాడు అదే వరసలో నిలబడి ఉంటాడు. ఇచ్చినవాడికి చప్పట్లు, పుచ్చుకున్నవాడికి సిగ్గు. ఇలాంటి నమోదు చదవకూడదు, పుస్తకంలో ఉంటే చాలు. ‘తండ్రి లేకపోయినా’, ‘కూలిపని చేసుకునే కుటుంబం నుంచి వచ్చి కూడా’ అనే ముక్తాయింపులు కూడా తీసేయండి. చేసిన పని చెప్పడానికి ఇంటి సంగతి ఎందుకు?

రెండో పొరపాటు దొరికిన డబ్బు. వరండాలో పది రూపాయలు దొరికితే తెచ్చి ఇచ్చినవాడికి ప్రార్థనలో పెన్ను ఇస్తారు. నెల తిరక్కుండా బడి వరండాలో పది రూపాయల నోట్లు మొలకెత్తడం మొదలవుతుంది. అమ్మ చిరుతిండికి ఇచ్చిన పది రూపాయలే ‘దొరికాయి సార్’ అని తెస్తారు. నవ్వొస్తుంది కానీ ఇది బహుమతి చేసే పనే. 1973లో వెలువడిన ఒక అధ్యయనంలో, అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం నర్సరీ బడిలో లెపర్, గ్రీన్, నిస్బెట్ అనే పరిశోధకులు మూడు నుంచి ఐదేళ్ల పిల్లలతో ఒక ప్రయోగం చేశారు. రంగు పెన్నులతో ఇష్టంగా బొమ్మలు వేసుకునే పిల్లల్లో కొందరికి ‘వేస్తే రిబ్బను కట్టిన పత్రం ఇస్తాం’ అని ముందే చెప్పారు. కొందరికి చెప్పకుండా, వేశాక ఇచ్చారు. కొందరికి ఏమీ ఇవ్వలేదు. వారం రెండు వారాల తర్వాత చూస్తే, ముందే మాటిచ్చిన పిల్లలు మిగతావాళ్లతో పోలిస్తే సగం సమయమే పెన్నులు ముట్టుకున్నారు. చెప్పకుండా ఇచ్చినవాళ్లలో ఆ నష్టం లేదు. మీకు ఇందులో పనికొచ్చే సూత్రం: ‘ఇది చేస్తే అది ఇస్తాం’ అనే ప్రకటన, పాయింట్ల పట్టిక, స్టార్ల చార్టు పెట్టకండి. జరిగిన దాన్ని జరిగాక గుర్తించండి.

డిసెంబరు మూడో వారంలో ఎంపిక. ఐదుగురు కూర్చోండి: మీరు, ఇద్దరు టీచర్లు (వారిలో ఒకరు మహిళ), బడి యాజమాన్య కమిటీ (ఎస్‌ఎంసీ) నుంచి పరిశీలనలో ఉన్న పిల్లల తల్లిదండ్రులు కాని ఇద్దరు. నమోదులను జిరాక్స్ తీయించి, పేరున్న పైభాగం కత్తిరించి, నంబరు వేయండి. చిన్న ఊళ్లో చదవగానే ఎవరో తెలిసిపోతుందంటారు. కొన్ని తెలుస్తాయి, అన్నీ తెలియవు. ఇంటిపేరు కళ్లబడకుండా చదవడానికీ, చూస్తూ చదవడానికీ తేడా ఉంటుంది. పరిశీలనకు రావాలంటే కనీసం మూడు నమోదులు, ఇద్దరు వేర్వేరు మనుషులు రాసినవి, రెండు వేర్వేరు నెలల్లో జరిగినవి ఉండాలి. ఒక్క టీచరు అభిమానం, ఒక్క రోజు వీరత్వం దీంతో జల్లెడలో ఆగిపోతాయి. నమోదులు ఎక్కువున్నవాళ్లకే ఇవ్వాలని లేదు, సంఖ్య చూసి కాదు, చదివి తేల్చండి. ప్రతి పేరుకూ కారణం రెండు వాక్యాల్లో రాయాలి. రాయలేకపోతే ఆ పేరు తీసేయాలి. మార్కులు ఏ దశలోనూ బల్ల మీదికి రాకూడదు.

ఎంతమంది? 240 మందిలో ముగ్గురంటే లాటరీలా ఉంటుంది. అందరికీ ఇస్తే కాగితం విలువ పోతుంది. పదిలో ఒకరు, అంటే 24 దాకా పెట్టుకోండి, ప్రతి తరగతి నుంచీ కనీసం ఇద్దరు. ఫస్ట్, సెకండ్, థర్డ్ వద్దు. పేర్లు తేలాక ఆఖరున ఒకసారి జాబితాను అడ్డంగా చదవండి. నడత కింద అంతా ఆడపిల్లలు, నాయకత్వం కింద అంతా మగపిల్లలు ఉన్నారా? అన్నీ ఒకే వీధి పేర్లా? హాస్టల్ పిల్లలు ఒక్కరైనా ఉన్నారా? తేడా కనిపిస్తే పేర్లు మార్చి సర్దకండి, పుస్తకాలు మళ్లీ తెరవండి. చాలాసార్లు ఆడపిల్ల నడిపించిన పనిని ‘సాయం చేసింది’ అని, మగపిల్లవాడు చేసిన సాయాన్ని ‘ముందుండి నడిపించాడు’ అని రాసి ఉంటారు. ఒకే పనికి రెండు పేర్లు.

దాతతో ముందే మాట్లాడుకోండి, ఎస్‌ఎంసీ తీర్మానంలో రాసుకోండి: డబ్బు బడి ఖాతాలోకి వస్తుంది, రసీదు ఇస్తాం, ఖర్చు లెక్క చూపిస్తాం, పిల్లల ఎంపికలో దాత కలగజేసుకోరు, ఫ్లెక్సీ ఉండదు. ఈ ఆఖరిది చెప్పడానికి మొహమాటపడతారు, కానీ వేదిక మీద ఫ్లెక్సీ పెద్దదైన కొద్దీ పిల్ల చిన్నదైపోతుంది. సమగ్ర శిక్ష పథకం బడికిచ్చే కాంపోజిట్ గ్రాంటు వైపు చూడకండి. 101 నుంచి 250 మంది పిల్లలున్న బడికి వచ్చే ఆ 50,000 నిర్వహణకు, అందులో కనీసం పదో వంతు పరిశుభ్రతకు ఉద్దేశించింది.

25,000 ఇలా పంచవచ్చు. పత్రాలు 24, మందపాటి కార్డు మీద రంగుల్లో, ఒక్కోటి 50 లోపు: 1,200. ఒక్కో పిల్లకు 400 లోపు వస్తువు: 9,600. నోటుబుక్కులు, డబ్బా, జిరాక్సు: 700. మిగిలిన 13,500లో 6,000 ఏడాది పొడవునా సృజన సామానుకు: తీగలు, చిన్న మోటార్లు, బ్యాటరీలు, రంగులు, బంకమట్టి. ఇవి ఒక డబ్బాలో పెట్టి తాళం లేకుండా ఉంచాలి. ఇక 7,500ను ఐదు భాగాలు చేసి, 1,500 చొప్పున, నాయకత్వం చూపిన ఐదుగురికి ‘నువ్వు ఎంచుకున్న పనికి’ అని అప్పగించండి. డబ్బు చేతికి కాదు, పక్కన ఒక టీచరు ఉంటారు, బిల్లులు పెడతారు, నిర్ణయం మాత్రం పిల్లదే. ఆడపిల్లల మరుగుదొడ్డికి గొళ్లెం, అద్దం పెట్టిస్తుందో, లైబ్రరీకి చాపలు కొంటుందో ఆమె ఇష్టం. నాయకత్వానికి బహుమతిగా షీల్డు ఇవ్వడం కంటే ఇంకొంచెం నాయకత్వం ఇవ్వడం మేలు.

వస్తువు కూడా పనికి తగ్గదై ఉండాలి. బొమ్మలేసే పిల్లకు మంచి స్కెచ్ పుస్తకం, పెన్సిళ్లు. విప్పి బిగించేవాడికి స్క్రూడ్రైవర్ల సెట్టు. కథలు రాసేవాడికి కథల పుస్తకాలు. ఒకే దుకాణంలో 24 స్టీలు డబ్బాలు కొనేయడం సులువే, అయితే ఆ డబ్బా ‘నిన్ను చూశాం’ అని చెప్పదు. ప్లాస్టిక్ షీల్డులు అసలే వద్దు. ఏడాదిలో ‘ఉత్తమ’లో ‘ఉ’ ఊడిపోతుంది.

పత్రం మీద ఏం రాస్తారన్నదే అసలు బహుమతి. ‘బహుముఖ ప్రజ్ఞ కనబరచినందుకు’ అని 24 కార్డులు ఒకే అచ్చులో కొట్టించకండి. రెండు వాక్యాలు ఖాళీ వదిలి, కుదురైన చేతిరాత ఉన్న టీచరుతో రాయించండి. నమూనాకు:

‘నల్లాల దగ్గర వృథాగా పోయే నీటిని పాత సైకిలు ట్యూబులు, రెండు ప్లాస్టిక్ సీసాలతో మునగ, కరివేపాకు మొక్కలకు మళ్లించింది. రెండుసార్లు ట్యూబు ఊడిపోయినా మూడోసారి తీగతో బిగించి నిలబెట్టింది. సెప్టెంబరు నుంచి ఈ బడి మొక్కలకు ఎవరూ బిందెతో నీళ్లు మోయలేదు.’

ఊడిపోయిన సంగతి రాయడం మరిచిపోవద్దు, సృజన ఉన్నది అందులోనే. పేరు అడ్మిషన్ రిజిస్టరులో ఉన్నట్టే, ఇంటిపేరుతో సహా రాయాలి. తేదీ, వరస సంఖ్య, హెచ్‌ఎం సంతకం, గుండ్రటి సీలు ఉండాలి. జిరాక్స్ ఒకటి బడిలో దాచాలి. వరదలో, ఇల్లు మారడంలో పోతే మళ్లీ ఇవ్వగలగాలి.

తల్లిదండ్రులకు ఒక విషయం సూటిగా చెప్పండి. ఈ పత్రంతో సీటు రాదు. ఆర్‌జీయూకేటీ ట్రిపుల్ ఐటీల్లో ప్రవేశం పదో తరగతి మార్కులతోనే. ప్రత్యేక కోటాలున్నవి ఎన్‌సీసీ, క్రీడలు, స్కౌట్స్ అండ్ గైడ్స్ లాంటివాటికి. లేని ఆశ పెడితే రేపు మీ మాటకే విలువ పోతుంది.

అయితే ఈ పుస్తకంలోంచి బయటి గుర్తింపులకు దారులున్నాయి. ఆరో తరగతి నుంచి పిల్లల కొత్త ఆలోచనలకు కేంద్రం ఇచ్చే ఇన్‌స్పైర్ మానక్ అవార్డు ఉంది. బడి నుంచి ఐదు ఆలోచనల దాకా ఆన్‌లైన్‌లో పంపవచ్చు, ఎంపికైతే నమూనా తయారీకి పిల్ల బ్యాంకు ఖాతాలోకి 10,000 వస్తుంది. గడువు మామూలుగా సెప్టెంబరులో ముగుస్తుంది కాబట్టి జులై, ఆగస్టు నమోదులు చదివితే ఐదూ దొరుకుతాయి. చాలామంది దెబ్బతినేది ఆలోచన దగ్గర కాదు, ఖాతా దగ్గర. పాసుపుస్తకంలో పేరు ఒకలా, ఆధార్‌లో ఒకలా, వాడక ఖాతా మూలపడి ఉండటం. జూన్‌లోనే ఖాతా తెరిపించండి. 9 నుంచి 12 తరగతులకు కళల పోటీ అయిన కళా ఉత్సవ్, 10 నుంచి 17 ఏళ్లవారికి బాలల సైన్స్ కాంగ్రెస్ ఉన్నాయి. 5 నుంచి 18 ఏళ్లవారికి ప్రధానమంత్రి రాష్ట్రీయ బాల పురస్కార్‌కు ఎవరైనా పేరు పంపవచ్చు. ఆ ఫారంలో ఏం చేసిందో వివరంగా రాయాలి. తేదీలతో పుస్తకం ఉన్నవాళ్లకు అది పెద్ద పని కాదు.

మార్కులు పక్కన పెట్టి ఎంచితే ఏమవుతుందని స్టాఫ్‌లో ఎవరైనా వాదిస్తే 2014 మే 25 గుర్తు చేయండి. తెలంగాణ ఏర్పడడానికి వారం ముందు, సాంఘిక సంక్షేమ గురుకులాల పిల్లలు మాలావత్ పూర్ణ, సాధనపల్లి ఆనంద్‌కుమార్ ఎవరెస్ట్ ఎక్కారు. పూర్ణకు అప్పటికి 14 ఏళ్లు నిండలేదు. వాళ్లను తేల్చింది ప్రశ్నపత్రం కాదు, భువనగిరి గుట్ట. ఎక్కించి చూశారు కాబట్టి కనిపించారు.

ఫొటోల సంగతి. పిల్ల పేరు, ఊరు, తరగతి, ముఖం అన్నీ కలిపి వాట్సాప్ గ్రూపుల్లో పెట్టడానికి ముందు తల్లిదండ్రుల రాతపూర్వక అనుమతి తీసుకోండి. 2023 డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం 18 ఏళ్లలోపు వారి విషయంలో తల్లిదండ్రుల సమ్మతి అడుగుతోంది. చట్టం లేకపోయినా, ఎనిమిదో తరగతి ఆడపిల్ల ఫొటో ఎవరెవరి ఫోన్లలో తిరుగుతుందో మన చేతిలో ఉండదు. బడి గోడ మీద బోర్డుకు పేరు, చేసిన పని చాలు. నెలకోసారి మార్చండి.

జనవరి 27న ఎవరో ఒక తండ్రి వస్తాడు, ‘మా వాడికెందుకు ఇవ్వలేదు?’ అని. ఇచ్చిన పిల్లల గురించి మాట్లాడకండి, పోలికకు దిగకండి. వాళ్ల వాడి పేజీ తెరిచి చూపించండి. అందులో రెండు నమోదులున్నా సరే, కొడుకు గురించి బడిలో ఎవరో ఆ మాట రాసి ఉండటం ఆయన మొదటిసారి చూస్తూ ఉండవచ్చు. గొంతు తగ్గుతుంది. పేజీ ఖాళీగా ఉంటే ఆయన అడిగింది న్యాయమే, ఆ పేరు వచ్చే రెండు వారాల జాబితాలో ముందు రాసుకోండి.

ఇంకోటి ఫిబ్రవరిలో వస్తుంది. పత్రం అందుకున్న పిల్లవాడే పరీక్షలో చీటీ పెట్టి దొరుకుతాడు, లేదా ఎవరినో కొడతాడు. ‘వాడి పత్రం వెనక్కి తీసుకుందాం’ అని స్టాఫ్‌రూంలో అంటారు. తీసుకోవద్దు. చీటీకి పడాల్సిన మందలింపు చీటీకి పడుతుంది. పత్రం మీద రాసింది మాత్రం జరిగిన పని, తేదీతో సహా, సాక్షితో సహా. వాడు మంచివాడని మీరెక్కడా రాయలేదు కదా.